మౌన మార్పిడి

నీటి సరఫరా శాఖ ఆడవాళ్ళ రిలే జట్టుకు కోచ్‌గా ఉన్నాయన అసలు పేరు జీతాల విభాగంలో తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన సిద్ధాంతం సార్. నోరు తెరిస్తే "సిద్ధాంతం ప్రకారం" అనందే ఆయనకు మాట సాగదు. నీళ్ళ సీసా మూత బిగుసుకుపోతే అది ఎందుకు బిగుసుకుందో చెప్పడానికి ఆయన దగ్గర సిద్ధాంతం ఉండేది, మూత మాత్రం పక్కవాళ్ళు తీసి ఇవ్వాల్సి వచ్చేది. వయసులో ఉన్నప్పుడు తాను గాలిలా పరిగెత్తేవాణ్ణని ఆయనే చెప్పేవాడు. చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ దొరకలేదు.

ఆయన చేతికింద జట్టు ఎనిమిదేళ్ళుగా ఉంది. ఈ ఎనిమిదేళ్ళలో రిలేలో ఒక్క పతకం రాలేదు గానీ, ఓడిన ప్రతిసారీ ఒక కొత్త సిద్ధాంతం మాత్రం పుట్టింది. ఒక ఏడు ఎదురుగాలి. ఒక ఏడు ట్రాక్ రంగు. ఒక ఏడు పిల్లలు పొద్దున తాగిన పాలు. పై అధికారులకు పరుగు గురించి తెలిసింది సున్నా కాబట్టి, వాళ్ళు తల ఊపి, ఆయన్ని ఇంకో ఏడాది ఉంచేవారు.

జట్టులో మూడో పరుగు వంపు వదినది. నలుగురు, తలా వంద మీటర్లు. ట్రాక్ వంపు మీద పరిగెత్తుతుంది కాబట్టి వంపు, నాలుగో పరుగు ఆమె ఆడపడుచుది కాబట్టి వదిన. గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె వదినే. ఆఫీసులో ఆమె పని ఫిర్యాదుల విభాగంలో. నీళ్ళు రాని జనం ఫోన్లో తిట్టే తిట్లు రోజంతా వినీ వినీ, ఎవరు నిజంగా గొంతెండి మాట్లాడుతున్నారో, ఎవరు ఊరికే దబాయిస్తున్నారో మొదటి మాటలోనే పసిగట్టే విద్య ఆమెకు అబ్బింది. ఆ విద్య ఇంట్లో గానీ మైదానంలో గానీ ఒక్కనాడూ అక్కరకు రాలేదు.

ఆడపడుచును అందరూ పిచ్చుక అనేవారు. పొట్టి మనిషి, తుర్రుమనే పరుగు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకరి తువ్వాలుతో ఒకరు ముఖం తుడుచుకునేంత స్నేహితులు. "మా అన్నయ్యను చేసుకోవే, ఇంటికెళ్ళాక కూడా కబుర్లు చెప్పుకోవచ్చు" అని సంబంధం కుదిర్చింది కూడా పిచ్చుకే. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఇక్కడ అసలు మొగుడికంటే ఆ అర్ధమొగుడితోనే వదినకు కాలక్షేపం ఎక్కువ. పోయినేడు శాఖల మధ్య జరిగే మీట్‌లో కర్ర కింద పడేదాకా వాళ్ళ వైభోగం అలా సాగింది.

కర్ర అంటే రిలే బ్యాటన్. దాన్ని ఇచ్చే మనిషి వెనకనుంచి వస్తుంది, పుచ్చుకునే మనిషి ముందుకు పరిగెత్తుతూ ఉంటుంది. పుచ్చుకునే మనిషి వెనక్కి చూడకూడదు, చూస్తే వేగం చస్తుంది. మరి ఎప్పుడు బయలుదేరాలి? దానికోసం ఆమె నిలబడ్డ చోటికి కాస్త వెనకగా ట్రాక్ మీద ఒక టేపు ముక్క అంటిస్తారు. ముందుగా వంగి, చంక కిందనుంచి దాన్నే చూస్తూ ఉండి, వచ్చే మనిషి కాలు ఆ టేపు మీద పడగానే ఈమె లగెత్తాలి. వెనకనుంచి "అందుకో!" అని కేక వినగానే చెయ్యి వెనక్కి చాపాలి. ముందే గీసి ఉన్న రెండు గీతల మధ్య కర్ర చేతులు మారాలి. టేపు ఎంత దూరంలో ఉండాలన్నది నెలల సాధనలో తేలుతుంది, దాన్ని మడమకు వేలు ఆనించి అడుగులతో కొలిచి పెట్టుకుంటారు. మిగతా జట్లలో ఎవరి టేపు వాళ్ళే కొలుచుకుంటారు. సిద్ధాంతం సార్ దగ్గర ఆ పప్పులుడకవు. "గుర్తు పెట్టేది గురువు, పరిగెత్తేది మీరు" అని ఆయనే తన అడుగులతో కొలిచి, ఆయనే టేపు అంటించి, దాని మీద ఓసారి కాలితో తొక్కి మరీ వెళ్ళేవాడు.

పోయినేడు పిచ్చుక ఆ టేపు చూసే బయలుదేరింది. వదిన ఊపిరంతా పెట్టి పరిగెత్తినా ఆ చెయ్యి అందలేదు. చివరి గీత దగ్గర ముందుకు పడిపోతూ కర్ర చాపితే అది పిచ్చుక వేళ్ళకు తగిలి, కిందపడి, పక్క వరసలోకి దొర్లింది. అప్పటిదాకా రెండో స్థానంలో ఉన్న జట్టు చేతులూపుకుంటూ ఇంటికి వచ్చింది.

కర్ర పోతే పోయింది, దానితో పోయింది మరొకటి ఉంది. శాఖలో తాత్కాలికంగా పనిచేసే క్రీడాకారులకు ఆ మీట్‌లో ఏ రంగు పతకం వచ్చినా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. వదినకు ఎప్పుడో రెండువందల మీటర్ల పరుగులో వచ్చిన పతకంతో ఆ పని అయిపోయింది. పిచ్చుక ఇంకా నీళ్ళ మీటర్లు చూసుకుంటూ గడప గడపా తిరిగే తాత్కాలికమే. అందుకే ఆ రోజు, బట్టలు మార్చుకునే గదిలో, అందరి ముందూ అనేసింది.

"నీకేం, నీ ఉద్యోగం నీకుంది. అందుకే నెమ్మదించావు."

"నేను నెమ్మదించడం కాదే, నువ్వే ఆగలేకపోయావు. ఎప్పుడూ నీకు తొందరే," అంది వదిన.

ఆ మంట అక్కడే ఆరిపోయేది. సిద్ధాంతం సార్ ఆరనివ్వలేదు. పిచ్చుకను పక్కకు పిలిచి "మీ వదినకు వయసు మీదపడుతోందమ్మా" అన్నాడు. వదినను పక్కకు పిలిచి "ఆ పిల్లది తొందరపాటమ్మా" అన్నాడు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి మాత్రం ఒక్కమాట అనలేదు. ఎవరి చెవిలో వాళ్ళకు నచ్చిన మాట పోస్తే తన మీదికి ఎవరూ రారని ఆయనకు తెలుసు. ఆ ఒక్క విషయంలో ఆయన సిద్ధాంతం ఎప్పుడూ తప్పలేదు.

తొందరపాటు అన్నది ఆయనకు ఇష్టమైన మాట. పిచ్చుకకంటే ముందు నాలుగో పరుగు ఇంకో అమ్మాయిది. ఆమె కూడా మీట్‌లో కర్ర అందకుండానే ముందుకు పోయింది, ఆ ఏడాదే ఉద్యోగం పోగొట్టుకుని ఆట మానేసింది. ఇప్పుడు బస్టాండు పక్కన మందుల కొట్టులో పనిచేస్తోంది. సార్ పాఠాల్లో ఆమె పేరే తొందరపాటు. "తొందరపాటులా చేయకండి" అని కొత్త పిల్లలకు చెబుతుంటే, ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా నవ్వేవారు. వదిన కూడా నవ్వింది. ఆ మందుల కొట్టు దగ్గరే అయినా, ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక, తలనొప్పి మాత్రకు కూడా ఆమె ఇంకో వీధికి వెళ్ళేది.

ఇంట్లో ఏడాదిపాటు వదినామరదళ్ళకు మాటల్లేవు. ఒకే వంటగదిలో తిరుగుతారు, ఒకే కుళాయి కింద గిన్నెలు కడుగుతారు, ఉప్పు కావాలంటే మాత్రం గోడకు చెబుతారు. "ఎవరైనా ఆ ఉప్పు ఇటు జరిపితే బాగుండు" అని వదిన అంటే, పిచ్చుక ఉప్పు జరిపి, "ఎవరైనా పొయ్యి కట్టేస్తే బాగుండు" అని పైకప్పుతో అనేది. అత్తగారు మధ్యవర్తి ఉద్యోగంలో కుదిరిపోయింది. "అది అంటోందమ్మా, రేపు తొందరగా వెళ్ళాలట" అని ఇటు చెప్పడం, "ఇది అంటోందే, సరేనట" అని అటు చెప్పడం. ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నా ఈ పనికి మాత్రం చురుగ్గా తిరిగేది.

ఇక మొగుడి సంగతి చెప్పాలంటే, ఆయన ఏడాదంతా పాము చావకుండా, కర్ర విరగకుండా నెట్టుకొచ్చాడు.

"తప్పెవరిదో నువ్వైనా చెప్పు," అని ఒకరోజు వదిన నిలదీసింది.

"ఇద్దరూ బాగా పరిగెత్తారే," అన్నాడు ఆయన, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని.

"నేను అడిగిందేంటి, నువ్వు చెబుతున్నదేంటి?"

"అదే... ఇద్దరూ బాగా పరిగెత్తకపోతే కర్ర అంత దూరం దొర్లేదా?"

ఇలాంటి మొగుణ్ణి కుదిర్చిపెట్టినందుకు కూడా వదినకు ఆడపడుచు మీద ఆ రోజు కొత్తగా కోపం వచ్చింది.

ఇంట్లో మాటల్లేకపోతే అత్తగారు ఉంది. మైదానంలో? సాధన మొదలైన రోజున వదిన వంపు తిరిగి వచ్చి, కర్ర చాపి, నోరు బిగించుకుంది. "అందుకో" అనలేదు. పిచ్చుక చెయ్యి చాపలేదు. కర్ర వీపుకు తగిలింది. రెండోసారీ అంతే. మూడోసారి పిచ్చుక ఆగిపోయి, రెండో పరుగు పరిగెత్తే అమ్మాయితో "ఎవరైనా నోరు తెరిస్తే మనం చెయ్యి చాపుతాం" అంది. ఆ అమ్మాయికి వెనకచూపు అని పేరు. ఎన్నిసార్లు తిట్లు తిన్నా వెనక్కి చూడకుండా కర్ర పుచ్చుకోలేదు.

వేరే కోచ్ అయితే ఆ ఇద్దరినీ ఒక బల్ల మీద కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టేవాడు. గోటితో పోయే పని. సిద్ధాంతం సార్ మర్నాడు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, జట్టును గడ్డి మీద కూర్చోబెట్టాడు.

"ఈ ఏడాది మనం మౌన మార్పిడి చేయబోతున్నాం. సిద్ధాంతం ప్రకారం కేక అనేది శక్తి నష్టం. కేకేస్తే పక్క జట్టుకు మన రహస్యం తెలిసిపోతుంది. టేపు దాటిన దగ్గర్నుంచి పుచ్చుకునే మనిషి తన అడుగులు తనే లెక్కపెట్టుకుని, లెక్క పూర్తవగానే చెయ్యి చాపుతుంది. ఇచ్చే మనిషి నోరెత్తకుండా పెడుతుంది. పెద్ద పెద్ద దేశాల్లో ఇదే పద్ధతి."

"అయితే టేపు వెంట్రుకవాసి తేడా వచ్చినా మునుగుతాం కదా సార్?" అంది వదిన.

"టేపు పెట్టేది ఎవరమ్మా?" అన్నాడాయన నవ్వుతూ.

ఇద్దరు ఆడవాళ్ళను మాట్లాడించడం చేతకాక కనిపెట్టిన ఆ పద్ధతి గురించి శాఖ పత్రికలో ఆయన ఫోటోతో సహా ఒక పేజీ వచ్చింది. ఆఫీసు గోడ మీద పోయినేటి జట్టు ఫోటో పక్కనే దాన్నీ అంటించారు. పోయినేటి ఫోటోలో నలుగురు అమ్మాయిలూ నేల చూపులు చూస్తుంటే, సార్ మాత్రం మెట్టు మీద ఒక కాలు పెట్టి, మొనదేలిన నల్లబూటు కెమెరాకు కనపడేలా నిలబడ్డాడు. కోపాలు ఎలా ఉన్నా, సాధన మాత్రం కుదిరింది. పిచ్చుక చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. టేపు మీద కాలు పడిందంటే బయలుదేరిందే, లెక్క పూర్తయిందంటే చెయ్యి చాపిందే. మీట్ దగ్గరపడే వేళకు కర్ర మాటా పలుకూ లేకుండా చేతులు మారుతోంది. సార్ రబ్బరు చెప్పులతో ట్రాక్ పక్కన గట్టు మీద తిరుగుతూ, తానే కర్ర మోస్తున్నట్టు రొప్పేవాడు. అవి ఆయన పాదానికంటే పొట్టి చెప్పులు, మడమ సగం బయటే ఉండేది. సాధన రోజుల్లో ఆయన కాళ్ళకు ఇంకోటి ఎవరూ చూడలేదు.

పిచ్చుకకు ఇదే ఆఖరి మీట్. పైఏటికి వయసు దాటిపోతుంది. పతకం వస్తే జీవితమంతా ఉద్యోగం, రాకపోతే మరుసటి నెల నుంచి ఇల్లు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. బయలుదేరే రోజున అత్తగారు వదిన చేతిలో నీళ్ళ సీసా పెడుతూ, "దానికి అన్యాయం చేయకమ్మా" అంది. ఏడాదిగా మాటలు మోసిన ఆవిడ తన సొంతంగా అన్న మాట అదొక్కటే. వదినకు అది గుండెల్లో గుచ్చుకుంది. తాను పోయినేడు కావాలనే నెమ్మదించిందని ఈవిడా నమ్ముతోందన్నమాట.

మీట్ వేరే ఊళ్ళో. మధ్యాహ్నం రిలే. జట్లు తమ తమ టేపులు అంటించుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చారు. వదిన తన చోట, వంపు మొదట్లో నిలబడి కాళ్ళు సాగదీస్తోంది. పిచ్చుక వంపు అవతల, చివర్లో, చిన్న బొమ్మంత కనిపిస్తోంది. సార్ మొదట వెనకచూపు దగ్గర టేపు పెట్టి, ఇప్పుడు వదిన దగ్గరికి వచ్చాడు. పైనుంచి కిందిదాకా మెరిసిపోతున్నాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత, కాళ్ళకు నల్లబూట్లు. ఎప్పుడో ఏదో సన్మానంలో ఎవరో ఇచ్చినవట, పాదానికంటే రెండు సైజులు పెద్దవి. ముందు కాగితాలు కుక్కి తొడిగేవాడు. ముఖ్య అతిథితో ఫోటో దిగాలి కదా.

ఆయన వెనక్కి తిరిగి కొలవడం మొదలుపెట్టాడు. మడమకు మొన, మడమకు మొన. పెదాలతో లెక్క. వదిన ఊరికే చూస్తోంది. ఆ మొనల్లో ఆయన వేళ్ళు లేవు, కాగితాలున్నాయి అనుకుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సార్, ఈ లెక్క మనం సాధనలో చెప్పులతో వేసింది కదా?"

"అవును. అదే లెక్క. ఒక్కటి కూడా తేడా లేదు."

"లెక్క అదే సార్. కాలు అది కాదు కదా. బూటు చెప్పుకంటే నాలుగు వేళ్ళు పొడవుంది."

"అడుగంటే అడుగేనమ్మా. సిద్ధాంతం ప్రకారం కొలిచేది మనిషి, తొడిగింది కాదు." టేపు అంటించి, బూటుతో ఓసారి తొక్కి, ఆయన గడ్డి మీదుగా పిచ్చుక వైపు నడిచాడు.

ఒక్క అడుగుకు నాలుగు వేళ్ళు. అన్ని అడుగులకూ కలిపితే బారెడు. టేపు బారెడు వెనక్కి పోతే, పుచ్చుకునే మనిషి బారెడు ముందే బయలుదేరుతుంది. వదిన కళ్ళముందు ఆఫీసు గోడ మీది ఫోటో నిలబడింది. మెట్టు మీద కాలు, మొనదేలిన బూటు. పోయినేడూ ఇవే.

మరి పోయినేడు మిగతా మార్పిడులు ఎలా గట్టెక్కాయి? వెనకచూపు టేపునెప్పుడు నమ్మింది కనక, తలతిప్పి చూసే బయలుదేరింది. వదిన కూడా అంతే, టేపు మీద గురి లేదు, వచ్చే మనిషి అడుగుల చప్పుడును బట్టి కదిలేది. జట్టు మొత్తంలో సార్ మాట అక్షరాలా విన్నది పిచ్చుక ఒక్కతే. దెబ్బతిన్నదీ అదొక్కతే. దాన్ని పట్టుకుని తాను తొందర అంది. ఏడాదిపాటు గోడతో మాట్లాడింది. వదినకు తన మీద తనకే అసహ్యం వేసింది, సార్ మీద అంతకు పదింతలు మండింది.

ఆమె తన టేపు పీకి, తన కాళ్ళతో కొలిచి మళ్ళీ అంటించింది. ఇక పిచ్చుక సంగతి. జెండా పట్టుకున్న అంపైరు దగ్గరికి పరిగెత్తింది.

"ఒక్క నిమిషం అటు వెళ్ళొస్తానండీ. మా నాలుగో అమ్మాయికి ఒక మాట చెప్పాలి."

"పిలుపు అయిపోయిందమ్మా. చోటు కదిలితే జట్టును తీసేస్తాను."

వదిన రెండు చేతులూ పైకెత్తి ఊపింది. టేపు వైపు చూపించింది, కాళ్ళు చూపించింది, ముందుకు జరపమని సైగ చేసింది. అంత దూరంలో పిచ్చుక ఆమెను చూసింది. చూసి, ముఖం అటు తిప్పేసుకుంది. ఏడాదిగా పాటించిన మర్యాద కదా, ఇప్పుడెలా వదులుతుంది? వంగి, సార్ అంటించిన టేపు సరిగ్గా ఉందో లేదో భక్తిగా నొక్కి చూసుకుంది.

తుపాకీ పేలింది. మొదటి పరుగు టైపిస్టుది, బాగానే పరిగెత్తింది. వెనకచూపు ఎప్పటిలాగే తల తిప్పి చూసి కర్ర పుచ్చుకుంది, ఎప్పటిలాగే కాస్త వెనకబడింది. ఆమె వచ్చి వదిన చేతిలో కర్ర పెట్టేసరికి జట్టు మూడో స్థానంలో ఉంది. వంపు మీద వదినను మించినవాళ్ళు ఆ రోజు లేరు. ఒకామెను దాటింది. ఎదురుగా పిచ్చుక సగం వంగి, చంక కిందనుంచి టేపునే చూస్తోంది. నన్ను చూడవే, అనుకుంది వదిన. అది చూడదు. దానికి టేపు చూడమని చెప్పారు.

వదిన కాలు టేపు మీద పడింది. పిచ్చుక తుర్రుమంది. సరిగ్గా చెప్పినట్టు, సరిగ్గా ఆ క్షణాన. ఇద్దరి మధ్య ఉండకూడనంత దూరం. పోయినేటి వీపే మళ్ళీ దూరమవుతోంది.

"ఆగవే పిచ్చుకా!"

స్టేడియం అంతా తలతిప్పింది. మౌన మార్పిడిని కనిపెట్టిన మహానుభావుడు గట్టు మీద అదిరిపడ్డాడు. ఏడాది తరవాత వదిన నోటినుంచి సూటిగా వచ్చిన మొదటి మాట అది. పిచ్చుకకు ఆ గొంతులో ఏం వినిపించిందో, లెక్క మరిచింది. వెనక్కి చూడలేదు, ఆగిపోనూ లేదు, కానీ అడుగు పట్టు సడలించింది. అన్నాళ్ళూ సార్ మాట విన్న మనిషి ఈ ఒక్కసారి వదిన మాట వింది.

"అందుకో!"

చెయ్యి వెనక్కి వచ్చింది. చివరి గీతకు జానెడు ముందు కర్ర ఆ చేతిలో పడింది. ఈలోగా ముగ్గురు దాటిపోయారు, జట్టు ఐదో స్థానానికి దిగింది. వదిన మోకాళ్ళ మీద కూలబడి చూసింది. పిచ్చుక పరిగెత్తుతోంది. ఏడాది కోపం, మీటర్లకోసం ఎక్కిన మెట్లు, పైఏటికి దాటిపోయే వయసు, అన్నీ ఆ కాళ్ళల్లోనే ఉన్నాయి. ఒకామెను దాటింది. గీత దగ్గర ఇంకొకామె పక్కన ఛాతీ ముందుకు పెట్టింది. బోర్డు మీద మూడో వరసలో నీటి సరఫరా శాఖ అని వెలిగేదాకా వదిన ఊపిరి పీల్చలేదు.

మూడో స్థానం. ఉద్యోగం నిలిచింది.

సిద్ధాంతం సార్ అప్పటికే ముఖ్య అతిథి పక్కన చేరి చెబుతున్నాడు. "మౌన మార్పిడి అని కొత్త పద్ధతండి. ఫలితం మీరే చూశారు."

"ఆ కేక పక్క ఊరికి వినబడింది కదా సార్," అంది వెనకచూపు.

"అది అత్యవసర ధ్వని. మౌనంలో భాగమే."

ట్రాక్ మీద పిచ్చుక కర్ర పట్టుకునే నిలబడి ఉంది. వదిన దగ్గరికి వెళ్ళి, రొప్పుతూనే చెప్పింది, బూటు సంగతి, చెప్పు సంగతి. పిచ్చుక వెళ్ళి తన టేపు పీకింది. సార్ చెప్పులు జట్టు సంచుల దగ్గర ఉన్నాయి. టేపును చెప్పు మీద పెట్టి, చెప్పు పొడవుకు సరిగ్గా తెంపింది. ఫోటో అయిపోగానే ఇద్దరూ సార్ దగ్గరికి వెళ్ళారు.

"సార్, ఒక్కసారి బూటు ఇస్తారా?" అంది పిచ్చుక.

గెలిచిన పిల్లలు జ్ఞాపకంగా అడుగుతున్నారనుకుని ఆయన మురిసిపోతూ విప్పి ఇచ్చాడు. పిచ్చుక బూటు తిరగేసి, అడుగున మడమ దగ్గర్నుంచి ఆ టేపు అంటించింది. టేపు అయిపోయినా బూటు ఇంకా ఉంది. నాలుగు వేళ్ళు పెట్టి చూస్తే ఇంకొంచెం మిగిలింది కూడా.

సార్ బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చివరికి తేల్చాడు. "చెప్పులు కుంచించుకుపోయాయమ్మా. ఎండకు రబ్బరు కుంచించుకుపోతుంది. చెప్పులదే తప్పు."

"పోయినేడు కూడా ఇవే బూట్లా సార్?" అంది వదిన.

"ఇవే. మీట్ అంటే ఎప్పుడూ ఇవే. ఎనిమిదేళ్ళుగా ఇంకోటి వేయలేదు." గర్వంగానే చెప్పాడు.

పిచ్చుక, వదిన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. వదిన ఆ బూటు తన సంచిలో వేసుకుంది.

"అదేంటమ్మా, అది నాది."

"రెండోది మీ దగ్గరే ఉంచుకోండి సార్. ఒంటి బూటుతో ఎవరూ కొలవలేరు."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చాలా దూరం దాకా మాట రాలేదు, అలవాటు తప్పిపోయింది. ఊరు దగ్గరపడ్డాక పిచ్చుక కిటికీలోంచి చూస్తూనే అంది.

"నెమ్మదించావని అన్నాను కదే వదినా."

"అన్నావు. నేనూ తక్కువేం తినలేదు. మిగతాది ఇంటికెళ్ళి మీ అమ్మ ముందు చెప్పు. నా మీద ఆవిడకు ఇంకా అనుమానమే."

పిచ్చుక నవ్వబోయి ఏడ్చింది. వదిన తన తువ్వాలు ఇచ్చింది.

బస్టాండులో దిగి, ఇంటికి పోకుండా, ఇద్దరూ మందుల కొట్టుకు వెళ్ళారు. కౌంటరు వెనక ఆమె వాళ్ళను గుర్తుపట్టి ముఖం గట్టిగా చేసుకుంది. జట్టువాళ్ళు తన దగ్గరికి ఎందుకొస్తారు, ఎగతాళికి తప్ప? వదిన బూటు తీసి, తిరగేసి, మందుల పెట్టెల మధ్య పెట్టింది.

"ఇది సార్ మీట్ రోజున వేసుకునే బూటు. ఆ టేపు ఉన్నంతవరకు ఆయన చెప్పు. మనకు నెలల తరబడి కొలిచింది చెప్పుతో. మీట్ రోజున కొలిచింది దీనితో. ఎనిమిదేళ్ళుగా ఇంతేనట."

పరిగెత్తిన మనిషికి అంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. ఆమె టేపు చివర వేలు పెట్టి, అక్కడినుంచి బూటు మొన దాకా మెల్లగా జరిపింది. ఇంకోసారి జరిపింది.

"అయితే నేను తొందరపడలేదు," అంది.

"లేదు," అంది వదిన. "చెప్పిన మాట విన్నావు. అంతే. మేం కూడా నిన్ను చూసి నవ్వాం."

ఆమె స్టూలు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరున ఏడ్చింది. మందు చీటీ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన, ఎంతసేపమ్మా అని విసుక్కున్నాడు.

పిచ్చుక ఆయన వైపు తిరిగింది. "కాసేపు ఆగండి తాతగారూ," అంది. "తొందరేం లేదు."